మెట్టెలు తీయని మా అత్త

మా అత్త పోయిన తొమ్మిదో రోజు పొద్దున ఒకామె మంచిర్యాల నుంచి బస్సెక్కి, గోదావరిఖనిలో దిగి, నలుగురినీ అడుగుతూ మా క్వార్టర్ దాకా వచ్చింది. చేతిలో ఉప్పు బిస్కెట్ల ప్యాకెట్ ఉంది. గుమ్మం బయటే నిలబడి, మంత్రాలవ్వ ఇల్లు ఇదేనా అని అడిగింది. ఆమె తమ్ముడు పోయి నెల దాటిందట. అవ్వ నోట ఒక్క మాట విని పోదామని వచ్చిందట. అవ్వ ఈ పని మానేసి ఏడాదిపైనే అయిందని, ఇప్పుడు అవ్వే లేదని చెప్పాను. ఆమె, "మరి నీకు రాదా అక్కా?" అంది.

రాదన్నాను. చాయ్ పోసి, రోడ్డు దాకా వెళ్ళి షేర్ ఆటో ఎక్కించి వచ్చాను. బిస్కెట్లు అరుగు మీద వదిలి వెళ్ళింది.

అప్పుడు నాకు దుఃఖం రాలేదు. కుళ్ళు వచ్చింది. చచ్చిపోయాక కూడా ఈ మనిషి కోసం నది దాటి వచ్చేవాళ్ళున్నారు. నా కోసం ఎవరూ ఏ రోజూ ఏ బస్సూ ఎక్కలేదు. పద్దెనిమిదేళ్ళు ఆమెతో ఒకే కప్పు కింద బతికాను. ఆ పద్దెనిమిదేళ్ళూ ఆమెను చూసి ఏదో ఒకందుకు కుళ్ళుకుంటూనే ఉన్నాను. ఆమె పోయింది కదా, ఇక పోతుందనుకున్నాను. పోలేదు.

మా అత్త పొట్టి మనిషి. నుదుట రూపాయి బిళ్ళంత కుంకుమ, రెండు చేతులకూ మోచేతి సగం దాకా ఆకుపచ్చ గాజులు, కాళ్ళకు అరిగిపోయిన వెండి మెట్టెలు. సిమెంటు గచ్చు మీద ఆమె నడిస్తే టక్కు టక్కుమని చప్పుడయ్యేది. కాలనీలో పిల్లలు ఆ చప్పుడు వింటే రోడ్డుకు అవతలి పక్క నుంచి వెళ్ళేవాళ్ళు. మధ్యాహ్నం ఓపెన్‌కాస్ట్‌ బొగ్గు గనిలో బ్లాస్టింగ్ జరిగి మా క్వార్టర్ గోడలు అదిరినప్పుడల్లా ఆమె ఎక్కడున్నా లేచి వచ్చి నీళ్ళ బిందె మీద అరచెయ్యి పెట్టేది. లోపలి నీళ్ళు కదలడం ఆగేదాకా తీసేది కాదు. ఎందుకు అత్తమ్మా అని ఒకసారి అడిగితే, భయపడ్డ పసిపిల్లకు నువ్వైతే వీపు మీద చెయ్యి వెయ్యవా అంది.

ఆమె దగ్గరికి వచ్చేవాళ్ళంతా మనుషులను పోగొట్టుకున్నవాళ్ళే. నిమ్మకాయలు, పసుపు ముద్దలు, పొగ లాంటివేవీ ఆమె దగ్గర లేవు. చాటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతూ కూర్చునేది. ఎదురుగా కూర్చున్న మనిషి ముఖం చూసేది కాదు. బియ్యం వైపే చూస్తూ ఒక్కో ప్రశ్నా అడిగేది. ఆఖరుకు ఏం తిన్నాడు? ఏ పక్కకు తిరిగి పడుకునేవాడు? కోపం వస్తే నిన్ను ఏమని తిట్టేవాడు? జవాబులు చెబుతూ చెబుతూ ఆ మనిషి ఏడవడం మొదలుపెట్టేది. ఆ ఏడుపు నెమ్మదించాక, ఇంకో నాలుగు రాళ్ళు ఏరి పక్కన పడేసి, అప్పుడు చెప్పేది.

పెద్ద మాటలేవీ చెప్పేది కాదు. స్వర్గం, నరకం, మళ్ళీ పుట్టడం, వీటి ఊసే ఉండేది కాదు. గొడుగు అటక మీద పెట్టాడట, ఎలుకలు కొట్టకముందే దించమన్నాడట. మోకాలికి నూనె రాసుకోవడం మానేశావటగా, మీ అమ్మ అడిగింది. టిఫిన్ డబ్బా మూతకు రబ్బరు వదులైంది, కొత్తది వేయించమన్నాడు. విన్నవాళ్ళు ఏడుస్తూనే నవ్వేవాళ్ళు. అచ్చం మా ఆయన మాటేనని మొక్కి వెళ్ళేవాళ్ళు. ఆమె ఏమీ అడిగేది కాదు. వాళ్ళే చాయ్ పత్తో, బిస్కెట్లో, కొబ్బరి చిప్పో పెట్టి వెళ్ళేవాళ్ళు.

నేను వంటింట్లోంచి అంతా వినేదాన్ని. ఇంటర్ దాకా చదువుకున్నదాన్ని, ఒక్క ముక్కా నమ్మేదాన్ని కాదు. ఏడ్చిన మనిషి చెప్పిన మాటల్లోంచే ఒకటి తీసి తిరిగి ఇస్తోందని నాకు తెలుస్తూనే ఉండేది. కానీ వాళ్ళు వెళ్ళేటప్పుడు ఆమె చేతులు పట్టుకునే తీరు చూస్తే మాత్రం ఓర్చుకోలేకపోయేదాన్ని.

అసలు కుళ్ళు మా ఆయన దగ్గర మొదలైంది. ఓదెలు ఆమెకు ఒక్కడే కొడుకు. భూగర్భ గనిలో పని. మొదటి షిఫ్టు నుంచి వచ్చి బూట్లు విప్పకముందే "అవ్వా" అని తల్లిని పిలిచేవాడు. ఆ ఒక్క పిలుపులోనే ఆ రోజు కింద ఏం జరిగిందో ఆమెకు తెలిసిపోయేది. నాకూ తెలియాలని పంతం పట్టాను. పెళ్ళయిన మొదటి ఏడాది ఒకరోజు ఆయన ముఖం బాగా పరీక్షించి, అలసిపోయినట్టున్నవని అన్నాను. లేదు, ఇయ్యాల పని తక్కువే అన్నాడు. లోపలి గదిలోంచి ఆమె, వానికి అలసట కాదు, కోపం వచ్చింది అంది. నిజమే. పై అధికారి ఎవరో నలుగురిలో మాట అన్నాడట. ఆ పూట నేను ఎవరితోనూ మాట్లాడకుండా అన్నం తిన్నాను.

మాకు పిల్లలు కలగలేదు. ఆ నింద కూడా కాలనీ ఆమె మంత్రాల మీదే వేసింది. నేను కాదని ఎవరితోనూ అనలేదు. అనవలసింది.

ఆమెకు మంత్రగత్తె అనే పేరు ఎట్లా వచ్చిందో పక్క క్వార్టర్ లచ్చవ్వ నాకు చెప్పింది. చెబుతూ కుడి మణికట్టు మీద అర్ధచంద్రం లాంటి మచ్చ చూపించింది. మా మామ బొగ్గు నింపే పని చేసేవాడట. ఓదెలుకు నాలుగేళ్ళప్పుడు పైకప్పు కూలి మీద పడింది. పైకి తెచ్చినప్పుడు నిలువునా బట్ట చుట్టి తెచ్చారు. ముఖం చూడొద్దు, చూసే తీరుగా లేదని పెద్దమనుషులు ఆమెను ఆపారు. ఆమె ఆ మూట పక్కన కూర్చుని, ఈయన మా ఆయన కాదంది. పదో రోజు గాజులు తీయడానికి ఆడవాళ్ళు చెయ్యి పట్టుకుంటే, ముందు పట్టుకున్న లచ్చవ్వ మణికట్టు కొరికింది. ఆ రోజు నుంచి బొట్టు చెరపలేదు, గాజులు తీయలేదు, మెట్టెలు తీయలేదు. మొగుడు పోయిన ఆడది ఎర్రగా బొట్టు పెట్టుకుని బజారుకు వస్తే జనం ఏమంటారు? మొగుణ్ని మింగిన మంత్రగత్తె అన్నారు. మా ఆయన పొద్దున వచ్చి పోయిండు అని ఆమే చెప్పుకోవడం మొదలుపెట్టేసరికి ఆ పేరు స్థిరపడిపోయింది. ఇదంతా చెప్పి, ఆ మచ్చను ఇంకో చేత్తో రుద్దుకుంటూ లచ్చవ్వ, దానికి పండ్లు గట్టివి అని మెచ్చుకుంది.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు మా ఆయన పోయాడు.

కరీంనగర్‌లో ఒక దవాఖానలో ఆరు రోజులు ఉన్నాడు. వెంట ఒక్కరినే రానిచ్చారు. నేను వెళ్ళాను. అంబులెన్సు కదిలేటప్పుడు ఆమె కాలనీ మలుపు దాకా వెనకే నడిచి వచ్చింది. ఆరో రోజు మధ్యాహ్నం ఆయనకు కొంచెం ఊపిరి అందితే ఫోన్ చేతికిచ్చాను. నాతో మాట్లాడతాడని కాదు, నేను పక్కనే ఉన్నాను కదా. అయినా ముందు అవ్వకు కలుపుమన్నాడు. పొద్దు మీద పొద్దు ఆయన దుప్పటి సర్దుతున్నది నేను, పిలిచింది ఆమెను. మర్నాడు పొద్దున పోయాడు. అక్కడే కాల్చి, చిన్న కుండలో బూడిద ఇచ్చారు.

ఆ కుండను ఆమె లోపలికి రానివ్వలేదు. నదిలో కలపనివ్వలేదు. పెరట్లో నీళ్ళు పోసుకునే చోట గోడ మేకుకు నేనే వేలాడదీశాను. రోగం అంటుతుందని పద్నాలుగు రోజులు ఒకరి గదిలోకి ఒకరం వెళ్ళలేదు. పదిహేనో రోజు లచ్చవ్వ ఇంకో ఇద్దరితో మా ఇంటికి వచ్చింది. నా గాజులు తీయించడానికి. అప్పుడు ఆమె గదిలోంచి టక్కు టక్కుమంటూ బయటికి వచ్చి నాకూ వాళ్ళకూ మధ్య నిలబడింది.

"ఎవలు సూసిన్రు వాన్ని? ఎందుకు తీస్తరు గాజులు?" అంది. "నా కొడుకు నిన్న పొద్దుగాల వచ్చిండు. నీళ్ళడిగి తాగి పోయిండు."

ఆమె నన్ను కాపాడడానికే వచ్చిందని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు నాకు వినిపించింది ఒక్కటే. నీళ్ళు ఆమెను అడిగాడు. ఆరు రోజులు చెంచాతో నీళ్ళు పోసింది నేను. చచ్చిపోయాక కూడా ఆమె దగ్గరికే వెళ్ళాడు.

"నేను చూసిన," అన్నాను. "ఆయన మొఖం నేను చూసిన."

అది అబద్ధం. ఆ పొద్దున తెల్ల సూట్లు వేసుకున్న ఇద్దరు మనుషులు ఆయన్ని సంచిలో పెట్టి బయటికి తెచ్చారు. ముఖం చూస్తావా అమ్మా అని ఒకతను మెల్లగా అడిగాడు. తలూపాను. అతను సంచి జిప్పు కిందికి లాగుతున్న చప్పుడు వినిపించింది. నేను తల తిప్పేసుకున్నాను. గోడకు ఒక నల్లా ఉంది, దాని కింద ఎర్ర బకెట్టు ఉంది. చప్పుడు మళ్ళీ పైకి వెళ్ళేదాకా ఆ బకెట్టే చూశాను. చూసినవా అమ్మా అని అడిగాడు. చూసిన అన్నాను. చూసే అవకాశం ఇచ్చినా చూడలేని దాన్నని ఎవరికీ తెలియకూడదనుకున్నాను.

ఆ మాట అనగానే మా అత్త పక్కకు జరిగింది. లచ్చవ్వ నా గాజులు తీసింది. ఆమెను గెలవడానికి నేను ఆడిన అబద్ధానికి నా చేతులు బోసిపోయాయి. ఆమె ఆ చేతుల వైపు చూసింది. ఆ చూపులో జాలి లేదు. అద్దంలో ఎన్నోసార్లు నా కళ్ళలోనే చూసుకున్న చూపు అది. కొడుకు ముఖం కోడలు చూసింది, తాను చూడలేదు. మొదటిసారి ఆమె నన్ను చూసి కుళ్ళుకుంది.

తరవాత మూడేళ్ళు మేమిద్దరం అట్లాగే బతికాం. పొద్దున చాయ్ తాగుతూ ఆమె, వచ్చిండు అనేది. ఒక్కోరోజు పక్కన కూర్చుని వెళ్ళాడట. ఒక్కోరోజు కాళ్ళు నొస్తున్నాయన్నాడట. ఆయనకు చేపల పులుసు ఇష్టం. ఒక ఆదివారం పంతం కొద్దీ గోదావరి చేపలు తెప్పించి ఆయనకు నచ్చేటట్టు వండాను. ఒక గిన్నెలో తీసి పక్కన పెట్టాను. నమ్మకం లేదు, అయినా పెట్టాను. మర్నాడు చాయ్ సాసర్లో పోసుకుంటూ ఆమె, ఉప్పు తక్కువైందన్నాడు అంది. ఆ గిన్నె తీసుకెళ్ళి కుక్కలకు పోసి వచ్చాను. తిరిగి వచ్చేసరికి నా చెంపలు తడిగా ఉన్నాయి. నేనూ ఒక వేలు ముంచి రుచి చూశాను మరి. నిజంగానే ఉప్పు తక్కువైంది.

నన్ను ఎందుకు అడగడు అని ఆమెను ఎన్నడూ అడగలేదు. ఆయన ముఖం ఎట్లా ఉందని ఆమె నన్ను అడగలేదు. ఎవరి దగ్గరున్నది వాళ్ళం బిగించి పట్టుకున్నాం. చూస్తే ఇద్దరి చేతుల్లోనూ ఏమీ లేదు.

ఏడాదికి నాకు ఆయన ఉద్యోగం వచ్చింది. బొగ్గు బాయిలోకి దించలేదు, పైన ల్యాంప్ రూమ్‌లో వేశారు. టోపీకి పెట్టుకునే లైట్లను చార్జింగ్ పెట్టడం, షిఫ్టు ఎక్కేవాళ్ళకు నంబరు చూసి ఇవ్వడం, దిగి వచ్చాక తిరిగి తీసుకుని వాటి గూళ్ళల్లో పెట్టడం నా పని. గూడు ఖాళీగా ఉందంటే ఆ మనిషి ఇంకా కిందే ఉన్నట్టు. ఆయన నంబరు లైటును కొత్తగూడెం నుంచి బదిలీ మీద వచ్చిన ఒకతనికి కేటాయించారు. నెమ్మదైన మనిషి, ముగ్గురు పిల్లల తండ్రి. ఏ పాపం తెలియని అతన్ని చూసినా నాకు కుళ్ళే. రోజూ ఆ లైటు తుడిచి అతని చేతికి ఇచ్చేదాన్ని.

ఒకరోజు మొదటి షిఫ్టుకు వెళుతూ టిఫిన్ డబ్బా ఇంట్లో మరిచిపోయాను. దాన్ని పట్టుకుని మా అత్త బాయి మీదికి వచ్చింది. మా మామను పైకి తెచ్చిన రోజు తరవాత ఆమె అటు రావడం అదే మొదలు. పొద్దున ఏడు కావస్తోంది. కిటికీ ముందు వరస ఉంది. ఆమె పక్క తలుపులోంచి లోపలికి వచ్చి, గూళ్ళన్నీ కలయజూసి, వాని నంబరు ఏదని అడిగింది. వేలుతో చూపించాను. అది గూట్లోనే ఉంది, పచ్చ దీపం వెలుగుతోంది. ఆమె ముఖం విప్పారింది. లైటు పైనే ఉంది కదా, అయితే కింద లేడు, ఎక్కడికో పోయి ఉంటాడు అనుకుందేమో.

అప్పుడే కొత్తగూడెం అతను కిటికీ దగ్గరికి వచ్చి తన నంబరు చెప్పాడు. నేను ఆ లైటు తీసి ఇచ్చాను. అతను దాన్ని టోపీకి తగిలించుకుని, బ్యాటరీ పట్టా నడుముకు బిగించుకుని, బాయి మూతి వైపు నడిచాడు. ఆమె అతను లోపలికి దిగిపోయేదాకా చూసింది. తరవాత డబ్బా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

మూడింటికి డ్యూటీ దిగి ఇంటికి వచ్చేసరికి ఆమె పెరట్లో ఉంది. బూడిద కుండ వేలాడుతున్న గోడ కింద కూర్చుని ఉంది. ఒళ్ళో చాట ఉంది గానీ బియ్యం ఏరడం లేదు.

"వాడు రాలె బిడ్డా," అంది. "ఎన్నడు రాలె. మీ మామ గూడ రాలె."

తరవాత ఆమె చాలాసేపు మాట్లాడింది. మా మామ పోయినప్పుడు, వస్తున్నాడని పదిమందితో చెబితే ఆ మాట విని అయినా వస్తాడేమో అనుకుందట. చెప్పింది, ఎదురుచూసింది, రాలేదు. ఇంతలో ఒకామె, బిడ్డను పోగొట్టుకున్నది, పెరటి తలుపులోంచి వచ్చి, మీ ఆయన రోజూ వస్తున్నాడు కదా, అక్కడ మా పిల్లను ఏమన్నా చూశాడేమో అడుగుతావా అందట. ఆ తల్లి ముఖం చూసి లేదనలేకపోయింది. చూశాడు, జడ వేయించుకుంటున్నది అని చెప్పింది. ఆమె మొక్కి వెళ్ళిపోయింది. అట్లా ముప్పై ఏళ్ళపైగా అందరి మనుషులనూ పిలిచి అందరికీ అప్పజెప్పింది. తన మనుషులు ఒక్కరూ రాలేదు. ఒక్కసారి వచ్చినా చాలనుకునేదట, తన దగ్గర మాట విని నిమ్మళంగా ఇంటికి పోయేవాళ్ళను చూస్తే కడుపు మండేదని చెప్పింది. మోసపోయే భాగ్యం కూడా తనకు లేకపోయిందంది.

ఇంతకాలం నేను ఎదురుచూసిన గెలుపు అది. ఆయన ఆమె దగ్గరికి రాలేదు. అబద్ధం చెప్పను, ఒక్క క్షణం లోపల ఏదో తేలికైంది. మరుక్షణమే, అయితే ఆయన ఎక్కడికీ రావడం లేదు, ఎవరి దగ్గరికీ రావడం లేదు, నిజంగానే లేడు అని తెలిసింది. ఆమె పక్కనే గచ్చు మీద కూర్చుండిపోయాను.

"నువ్వైతే సూసినవు," అంది. "ఎట్లుండె మొఖం? జర చెప్పు బిడ్డా."

మూడేళ్ళలో మొదటిసారి అడిగింది. నేనూ చూడలేదని చెప్పడానికే నోరు తెరిచాను. కానీ ఆమె నా వైపుకు వంగి ఉంది, చూపు నా పెదవుల మీద ఉంది. ఆమె ముందు కూర్చున్న వందలమంది ఆడవాళ్ళు ఎట్లా వంగేవాళ్ళో అట్లా. నేను చాట ఆమె ఒళ్ళోంచి తీసి నా ఒళ్ళో పెట్టుకున్నాను. ఆమె వైపు చూడకుండా చెప్పడం మొదలుపెట్టాను.

గడ్డం పెరిగిందని చెప్పాను. కుడి కనుబొమ్మ మీద బొగ్గు గీరుకుని నీలంగా మిగిలిన మచ్చ అట్లాగే ఉందన్నాను. పెదవులు ఎండి ఉన్నాయని, నోరు కొంచెం తెరుచుకుని ఉందని, మొదటి షిఫ్టు చేసి వచ్చి మధ్యాహ్నం పడుకున్నప్పుడు ఎట్లా ఉండేదో అట్లాగే ఉందని చెప్పాను. నొసలు ముడుచుకుని ఉందా అని అడిగింది. లేదన్నాను. కళ్ళు ఎవరైనా మూశారా అంది. వాటంతటవే మూసుకున్నాయన్నాను. చెవి వెనక కొంచెం సబ్బు నురగ ఎండి ఉంది, పొద్దున నేను తుడుస్తుంటే మిగిలిపోయినట్టుంది అని కూడా చెప్పాను. ఆ నురగ ఎక్కడి నుంచి వచ్చిందో నాకే తెలియదు.

అప్పుడు ఆమె ఏడ్చింది. పెళ్ళయి ఆ ఇంటికి వచ్చాక ఆమె ఏడవడం నేను చూడలేదు. గొంతు విప్పి, పేరు పెట్టి, కొడుకును ఒకసారి మొగుణ్ని ఒకసారి పిలుస్తూ ఏడ్చింది. లచ్చవ్వ గోడ మీంచి తొంగి చూసి, ఇటు వచ్చి, ఆమె తల తన పొట్టకు ఆనించుకుని నిలబడింది.

మర్నాడు పొద్దున షేర్ ఆటోలో గోదావరికి వెళ్ళాం. కుండ ఆమె ఒళ్ళో ఉంది. కొంచెం దూరం వెళ్ళాక నేను చేతులు చాచాను. ఆమె ఇవ్వలేదు. సగం దారిలో ఆటో ఎవరినో ఎక్కించుకోవడానికి ఆగినప్పుడు, తానే కుండ తీసి నా ఒళ్ళో పెట్టింది. మిగతా దారంతా నా దగ్గరే ఉంది. నీళ్ళలోకి ఇద్దరం కలిసే వంచాం. గట్టు మీద ఆమె మెట్టెలు తీసుకోబోతే అవి మాత్రం రాలేదు. ముప్పై ఏళ్ళలో వేళ్ళు లావెక్కి వాటి చుట్టూ కండ పెరిగింది. సబ్బు రాసినా రాలేదు. తిరిగి వచ్చేటప్పుడు ఒక కంసాలి దగ్గర ఆగితే, అతను చిన్న కత్తెరతో జాగ్రత్తగా కత్తిరించి తీశాడు. ఆమె ఒక్కసారి కూడా అబ్బా అనలేదు. గాజులు తానే తీసేసుకుంది. ఇంటికి వచ్చాక బొట్టు కూడా తుడుచుకోబోతే లచ్చవ్వ చెయ్యి పట్టుకుని ఆపింది. ఆగాక ఆమెకూ తుడుచుకోబుద్ధి కాలేదు. బొట్టు మా అవ్వ పెట్టింది, ఆయన పెట్టింది కాదు కదా అంది. నన్నూ పెట్టుకోమంది. రెండు రోజులు తటపటాయించి, మూడో రోజు డ్యూటీకి చిన్న స్టిక్కర్ పెట్టుకుని వెళ్ళాను.

తరవాత ఆమె నడిస్తే చప్పుడు ఉండేది కాదు. గదిలోకి ఎప్పుడు వచ్చిందో తెలియక చాలాసార్లు ఉలిక్కిపడ్డాను. ఆమె కోసం వచ్చేవాళ్ళకు, రారు బిడ్డా, ఎవలూ రారు, చాయ్ తాగి పో అని చెప్పేది. కొందరు కోపగించుకుని వెళ్ళారు. ఎక్కువమంది కూర్చుని చాయ్ తాగి, తమ మనుషుల గురించి తామే చెప్పుకుని వెళ్ళారు. ఏ మంత్రమూ లేదని తానే ఒప్పుకున్నాక కూడా ఆమె దగ్గరికే వచ్చారు. దానికీ నాకు కుళ్ళే.

పోయిన వానాకాలం చివర ఆమెకు ఆయాసం మొదలైంది. దవాఖానలో పది రోజులు ఉంచి, వయసు మీద పడింది, ఇంట్లోనే చూసుకోండని పంపారు. నేను సెలవు పెట్టాను. ఒక మధ్యాహ్నం మంచం మీద ఆమె కాళ్ళు ఒత్తుతున్నాను. మెట్టెలున్న చోట వేళ్ళ చుట్టూ చర్మం పసిపిల్లల చర్మంలా తెల్లగా ఉంది. ఆమె కళ్ళు మూసుకునే ఉంది. నిద్రపోయిందనుకున్నాను.

"నువ్వు సూడలేదు గదా?" అంది.

నా చేతులు ఆగిపోయాయి. ఏ సంగతో నాకు తెలుసు.

"సూసినోళ్ళు గంత మంచిగ చెప్పరు బిడ్డా. ఎందరికి చెప్పిన నేను. నువ్వు చెవెనుక నురగ అనంగనే నాకెర్కైంది."

మరెందుకు నమ్మినవు అత్తమ్మా అని అడిగాను. ఆమె కళ్ళు తెరిచి నన్ను చూసింది.

"నువ్వు చెప్తుంటివి గదా," అంది.

అప్పుడు ఆమెకు అంతా చెప్పాను. జిప్పు చప్పుడు, నల్లా, కింద బకెట్టు, తల తిప్పేసుకోవడం, చూశానని చెప్పడం. అన్నీ చెప్పాక నా లోపల నిమ్మళం కలగలేదు. పాత మంటే లేచింది. అబద్ధమని తెలిసీ ఆ అబద్ధంతోనే ఈమె ఏడ్చింది, కొడుకును నీళ్ళలో కలిపింది, తేలికై పడుకుంది. ఈమెకు చెప్పడానికి నేనున్నాను.

"నీకు నేను చెప్పిన," అన్నాను. "నాకెవలు చెప్తరు?"

అట్లా అడగకూడదు, చావుకు దగ్గరైన మనిషిని. అడిగేశాను. ఆమె కాసేపు ఊపిరి కూడదీసుకుంది. తల కింద ఇంకో దిండు పెట్టుమంది. పెట్టాను. దగ్గరికి జరుగుమంది. జరిగాను. నా ముఖం వైపు చూడకుండా, ఎదురుగా గోడ వైపు చూస్తూ మొదలుపెట్టింది.

"మొఖం కడిగినట్టుండె. నొప్పి లేదు. నువ్వు నల్లా దిక్కు సూస్తున్నవు. నువ్వు జడుసుకుంటవని వానికెరుకనే, ఏమనుకోలె. తల జర కుడి దిక్కుకు తిరిగి ఉండె. నువ్వు నిలవడ్డ దిక్కుకే ఉండె మొఖం."

ఆమె కరీంనగర్ రాలేదు. నేను ఏ పక్కన నిలబడ్డానో ఆమెకు తెలియదు. ప్రతి ముక్కా అప్పటికప్పుడు అల్లుతోందని నాకు తెలుసు. ఆయాసంతో మధ్యలో ఆగింది.

నేను ఆమె నోటి దగ్గరికి వంగి, ఇంకా చెప్పమన్నాను.